ఉప్పునీటి ఫిషింగ్ రీళ్లు: రక్షణ, నిర్వహణ

గాలపు కర్రకు బిగించి దారాన్ని చుట్టి ఉంచడానికీ, దూరంగా విసరడానికీ, చిక్కిన చేప పరుగును అదుపు చేస్తూ దారాన్ని వెనక్కి చుట్టడానికీ వాడే చిన్న యంత్రం ఫిషింగ్ రీలు. చెరువు మీద, ఏటి మీద ఏళ్ల తరబడి పనిచేసే రీలు సముద్రం మీద ఒకటి రెండు సీజన్లకే బిగుసుకుపోవచ్చు. దాన్ని పాడుచేసేది తడి కంటే ఎక్కువగా, తడి ఆరాక లోపల మిగిలే ఉప్పు. అందుకే సముద్రంలో వాడే రీలును కాపాడుకోవడంలో మూడు పనులున్నాయి: ఉప్పునీటిని లోపలికి రానీయకపోవడం, వచ్చినదాన్ని ఆరకముందే కడిగేయడం, కడగడానికి అందని చోట లోహానికీ ఉప్పుకూ మధ్య గ్రీజు పొరను నిలపడం. మొదటిది చాలావరకు తయారీదారు పని. మిగిలిన రెండూ వాడేవారివి.

ఉప్పు లోహాన్ని తినే తీరు

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో సగానికి పైగా, అంటే 19 గ్రాముల దాకా, క్లోరైడే. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం తుప్పుకు లొంగకుండా నిలిచేది వాటి ఉపరితలం మీద సహజంగా ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొర వల్ల. క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడ ఛేదిస్తుంది. ఛేదించిన చోట గుంట పడి, ఆ గుంటలో ఆమ్లగుణం పెరిగి, లోహం ఇంకా లోతుకు కరుగుతుంది. పైకి సూదిమొనంత మచ్చే కనిపించినా లోపల డొల్ల పడి ఉండవచ్చు.

ఇనుము సంగతి వేరు. నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది కనుక తుప్పు వేగం పెరుగుతుంది. అయితే ఉప్పు మరీ ఎక్కువైతే నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గి, తుప్పు మందగిస్తుంది. ఈ రెండింటి మధ్య ఇనుము అతివేగంగా తుప్పు పట్టేది 3 నుంచి 3.5 శాతం ఉప్పున్న నీటిలో. సముద్రపు నీటి గాఢత దాదాపు అదే.

రీలులో లోహాలు అనేకం. అల్యూమినియం బాడీ, ఇత్తడి పినియన్, స్టీలు స్క్రూలు పక్కపక్కనే ఉంటాయి. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తాకుతూ ఉప్పునీటిలో తడిస్తే వాటి మధ్య విద్యుత్తు పుడుతుంది. ఆ జంటలో చురుకైన లోహం కరిగిపోతుంది. రీళ్లలో వాడే వాటిలో ముందుగా బలయ్యేది మెగ్నీషియం, దాని తర్వాత అల్యూమినియం. అల్యూమినియం బాడీలో బిగించిన స్టీలు స్క్రూ చుట్టూ తెల్లని పొడి పేరుకుని, చివరికి స్క్రూ తల అరిగినా ఊడి రాకపోవడం ఇందువల్లే.

అన్నిటికంటే తక్కువగా పట్టించుకునేది ఉప్పుకు ఉన్న నీటి దాహం. 25 డిగ్రీల వేడిలో గాలి తేమ సుమారు 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ ఆ తేమను పీల్చి కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం తేమ చాలు. వానాకాలంలో వంటింటి ఉప్పు జాడీ చెమ్మగిల్లేది కూడా ఇలాగే. అంటే పైకి పొడిగా కనిపించే రీలులో ఉప్పు రేణువులు మిగిలి ఉంటే, అల్మరాలో ఉన్నప్పుడు కూడా అవి తడిగానే ఉంటాయి, తుప్పు సాగుతూనే ఉంటుంది. చాలా రీళ్లు వేటలో కాక, రెండు వేటల మధ్య ఇంట్లో ఉన్న కాలంలోనే పాడవుతాయి.

చరిత్ర

చైనా చిత్రకారుడు మా యువాన్ సుమారు 1195లో గీసిన చిత్రంలో, చలికాలపు సరస్సు మీద పడవలో కూర్చున్న మనిషి చేతి కర్రకు రీలు కనిపిస్తుంది. ఇంగ్లండులో 1651 నాటి గ్రంథంలో రీలు ప్రస్తావన ఉంది. కెంటకీలో గడియారాల పనివాడు జార్జ్ స్నైడర్ 1820 ప్రాంతంలో చేసిన మల్టిప్లయర్ రీలులో, పిడిని ఒకసారి తిప్పితే దారం చుట్టుకునే స్పూల్ చాలాసార్లు తిరిగేది. ఇవన్నీ మంచినీటి వేటకు పుట్టినవి.

సముద్రపు రీళ్ల చరిత్రలో ముఖ్యమైన చోటు కాలిఫోర్నియా దగ్గరి శాంటా కెటలినా ద్వీపం. 1898లో చార్ల్స్ ఫ్రెడరిక్ హోల్డర్ అక్కడ 183 పౌండ్ల బ్లూఫిన్ ట్యూనాను కర్ర, రీలుతో పట్టాడు. ఆ ఏడాదే అక్కడ ట్యూనా క్లబ్ ఏర్పడింది. ఆ కాలంలో పేరు మోసిన న్యూయార్క్ తయారీదారులు వోమ్ హోఫె కుటుంబీకులు రీళ్ల చట్రాలను జర్మన్ సిల్వర్‌తోనూ, పక్క పలకలను ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతోనూ చేసేవారు. రాగి, నికెల్, జింకు కలిసిన జర్మన్ సిల్వర్ ఉప్పునీటికి బాగా తట్టుకుంటుంది. ఎబొనైటుకు తుప్పే లేదు. చూడముచ్చటగా ఉండే ఆ నలుపు, వెండి రంగుల కలయిక అసలు ఉప్పు నుంచి రక్షణకు ఏరిన పదార్థాల ఫలితం. 1913లో విలియం బోషెన్ నక్షత్రాకారపు చక్రంతో బిగించే డ్రాగ్ ఉన్న రీలుతో కెటలినా దగ్గర 355 పౌండ్ల ఖడ్గమత్స్యాన్ని పట్టాడు. దారాన్ని కొలత ప్రకారం జారనిచ్చే ఈ స్టార్ డ్రాగ్ సముద్రపు రీలుకు గుండెకాయ అయింది. ఫిలడెల్ఫియాలో 1932లో ఆటో హెంజే స్థాపించిన పెన్ కంపెనీ 1936లో తెచ్చిన సెనేటర్ రీలు ఈ పద్ధతిని సామాన్యుల చేతికి తెచ్చింది.

ఆస్ట్రేలియా మరో దారి పట్టింది. బ్రిస్బేన్‌లో 1920లో చార్ల్స్ ఆల్వీ తయారీ ప్రారంభించిన సైడ్‌కాస్ట్ రీలులో గేర్లు ఉండవు. విసిరేటప్పుడు పెద్ద స్పూల్‌ను పక్కకు తిప్పుతారు, చుట్టేటప్పుడు మళ్లీ యథాస్థానానికి తెస్తారు. అలల్లో నిలబడి చేపలు పట్టేవారు ఇసుక పడినా నీట ముంచి కడుక్కోగలిగేంత సాదా నిర్మాణం అది. మరోవైపు, ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇలింగ్‌వర్త్ 1905లో పేటెంటు పొందిన స్థిర స్పూల్ రీలు నుంచి నేటి స్పిన్నింగ్ రీళ్లు వచ్చాయి. విసరడం సులువైంది కానీ, కదిలే చిన్న భాగాలు పెరిగాయి. వాటితో పాటే ఉప్పు చేరే సందులూ పెరిగాయి.

పదార్థాలు

నేటి మంచి సముద్రపు రీళ్ల బాడీలను ఎక్కువగా అల్యూమినియంతో చేసి, ఆనోడైజ్ చేస్తారు. అంటే విద్యుత్ ప్రక్రియతో ఆక్సైడ్ పొరను కావాలని మందం చేస్తారు. ఆ పొర గీసుకుపోయిన చోట లోహం మళ్లీ నిస్సహాయమే. మెగ్నీషియం బాడీ తేలిక కనుక మంచినీటి రీళ్లకు బాగుంటుంది. సముద్రంలో దాని ప్రాణమంతా పైపూత మీదే ఆధారపడుతుంది. కార్బన్ నారతో బలపరచిన ప్లాస్టిక్ తనంతట తాను తుప్పు పట్టదు కానీ, బరువైన చేప లాగితే కొంచెం వంగి గేర్ల అమరికను చెదరగొట్టవచ్చు.

స్టెయిన్‌లెస్ స్టీళ్లన్నీ సమానం కావు. 316 రకంలో ఉండే 2 నుంచి 3 శాతం మాలిబ్డినం క్లోరైడ్ గుంటలను చాలావరకు అడ్డుకుంటుంది. 304 రకంలో ఆ మూలకం ఉండదు. బేరింగులకు వాడే 440సి స్టీలు చాలా గట్టిది, కానీ ఉప్పును ఓర్చుకోవడంలో ఈ రెండింటికంటే వెనుకబడి ఉంటుంది. బేరింగుల మీద కనిపించే ఏబీఈసీ అంకె కొలతల కచ్చితత్వాన్ని మాత్రమే చెబుతుంది, తుప్పును తట్టుకునే శక్తిని కాదు. బేరింగుల సంఖ్యకూ ఇదే వర్తిస్తుంది. ఎక్కువ బేరింగులంటే సముద్రంలో కాపాడుకోవలసినవి ఎక్కువని కూడా అర్థం. సిలికాన్ నైట్రైడ్ గోళీలున్న హైబ్రిడ్ బేరింగుల్లో గోళీలు తుప్పు పట్టవు. వాటి చుట్టూ ఉండే వలయాలు మాత్రం స్టీలే.

సీళ్లు

నీటిని బయటే ఆపడానికి రబ్బరు వలయాలు, పెదవి సీళ్లు వాడతారు. 1990ల నుంచి అమెరికాలో పేరు తెచ్చుకున్న వాన్ స్టాల్ రీళ్లను రాత్రివేళ అలల్లో నడుము లోతున నిలబడి వేటాడేవారి కోసం పూర్తిగా మూసిన గేర్‌పెట్టెతో చేశారు. వాటిలో చాలావాటికి దారాన్ని అందుకుని స్పూల్ మీదికి నడిపే బెయిల్ తీగ కూడా ఉండదు. దారాన్ని వేలితో అందుకుని రోలర్ మీద వేయాలి. పాడయ్యే భాగాన్ని కాపాడే బదులు అసలు తీసివేయడం అక్కడి సూత్రం.

సీళ్ల సత్తాను తెలిపేది ఐపీఎక్స్ అంకె. 5 అంటే నీటి ధారను, 6 అంటే బలమైన ధారను తట్టుకుంటుందని. 8 అంటే తయారీదారు చెప్పిన లోతులో, చెప్పినంతసేపు మునిగినా నీరు చొరబడదని. పెన్ స్పిన్‌ఫిషర్ 6 రకానికి ఐపీఎక్స్5, స్లామర్ 3 రకానికి ఐపీఎక్స్6 గుర్తింపు ఉంది. డైవా కంపెనీ వాడే మ్యాగ్‌సీల్డ్ విధానం భిన్నమైనది. 1963లో నాసా ఇంజినీరు స్టీవ్ పాపెల్ రూపొందించిన అయస్కాంత ద్రవం లాంటి నూనెను చిన్న అయస్కాంతం సందులో పట్టి ఉంచి, రాపిడి లేని గోడగా నిలుపుతుంది. ఆ చోట ఇతర నూనె చుక్క పడినా ఆ గోడ చెదురుతుంది కనుక అక్కడ నూనె వేయకూడదు.

సీలు ఉన్న రీలుకు నిర్వహణ అక్కర్లేదనుకోవడం పెద్ద పొరపాటు. రబ్బరు కాలక్రమేణా గట్టిపడుతుంది, ఇసుక రేణువు దాన్ని కోస్తుంది. ఒకసారి లోపలికి చేరిన నీరు అదే సీలు వల్ల బయటకు రాదు. పైకి నిగనిగలాడుతూ లోపల గేర్లు కుళ్లిన రీళ్లలో సీలున్నవి తక్కువేమీ కాదు.

బలహీన స్థానాలు

స్పిన్నింగ్ రీలులో ముందుగా పాడయ్యేది లైన్ రోలర్. తడి దారం నేరుగా దాని మీదుగా వస్తుంది కనుక, చుట్టిన ప్రతి మీటరుతోనూ కొంత ఉప్పు అక్కడ చేరుతుంది. లోపలి బేరింగు బిగుసుకుంటే రోలర్ తిరగడం మానేసి, దారాన్ని ఒకేచోట కోస్తుంది. తర్వాతి వంతు వెనక్కి తిరగకుండా ఆపే వన్‌వే క్లచ్‌ది, హ్యాండిల్ నాబ్‌ది, ప్రధాన షాఫ్టుది. మల్టిప్లయర్ రీళ్లలో దారాన్ని సమంగా పరిచే లెవల్‌వైండ్ మరలో ఉప్పు, ఇసుక కలిసి ముద్దకడతాయి. రీలు పాదం కర్రను తాకే చోటు బయటకు కనిపించదు కాబట్టి అక్కడి తెల్లపొడి చాలాకాలం దొరకదు.

డ్రాగ్ ఒక్కటే పాడయినా పెద్ద చేప పోతుంది. దాని బిళ్లలు ఉన్నితో చేసిన ఫెల్టువి కావచ్చు, కార్బన్ నారవి కావచ్చు. ఫెల్టు ఉప్పునీటిని పీల్చుకుంటుంది. కార్బన్ వేడిని తట్టుకుంటూ నున్నగా జారుతుంది. డ్రాగ్‌ను సాధారణంగా దారం తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు తూకపు త్రాసుతో కొలిచి సరిచూస్తారు. బిళ్లల మధ్య ఉప్పు పేరుకుంటే ఈ కొలతకు అర్థం ఉండదు. అవి మొదట అతుక్కుని, తర్వాత ఒక్క ఉదుటున జారతాయి. ఆ ఒక్క కుదుపు చాలు దారం తెగడానికి.

వేట ముగిసిన రోజు

రీలును కడగవలసింది ఉప్పు ఆరి గడ్డకట్టకముందే. మొదట డ్రాగ్ నాబ్‌ను బిగిస్తారు, కడిగే నీరు బిళ్లల మధ్యకు పోకుండా. తర్వాత రీలును కర్ర నుంచి విడదీసి, కుళాయి కింద సన్నని ధారలో, లేదా మగ్గుతో మంచినీళ్లు పోసి, హ్యాండిల్‌ను, రోలర్‌ను వేలితో తిప్పుతూ కడుగుతారు. వాహనాలు కడిగే పీడనపు గొట్టం వాడితే ఉప్పు బయటకు పోయే బదులు సీళ్లు దాటి లోపలికి దూసుకుపోతుంది. వేడినీరు గ్రీజును కరిగిస్తుంది. బకెట్లో నానబెట్టడం, సీళ్లు లేని రీలు విషయంలో, చేజేతులా ఉప్పునీటిని లోపలికి పంపడంతో సమానం.

కడిగే నీరు కూడా చూసుకోవాలి. కృష్ణా, గోదావరి డెల్టాల తీరప్రాంత గ్రామాల్లో చాలా బోర్ల నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో కడిగితే ఒక ఉప్పు పోయి మరో ఉప్పు చేరుతుంది. అలాంటి చోట కనీసం ఆఖరి కడుగు తాగునీటితో అయినా ఉండాలి.

కడిగాక నీటిని దులిపి, మెత్తని గుడ్డతో తుడిచి, డ్రాగ్‌ను పూర్తిగా వదులుచేసి, నీడలో గాలి తగిలేలా ఆరబెడతారు. ఆరాక రోలర్‌కు, నాబ్‌కు, బెయిల్ కీళ్లకు ఒక్కో చుక్క పలుచని నూనె వేస్తారు. బయటి లోహానికి లానోలిన్ ఉన్న, లేదా బోయింగ్ కంపెనీ విమానాల కోసం తయారుచేసిన బోషీల్డ్ లాంటి తుప్పునిరోధక ద్రవాన్ని గుడ్డకు తడిపి తుడవడం మంచిది. 1953లో పుట్టిన డబ్ల్యూడీ-40 నీటిని తరిమేయడానికి ఉద్దేశించినది. గేర్‌పెట్టెలోకి చిమ్మితే అది అక్కడి గ్రీజును పలుచన చేస్తుంది.

రీలు నీట మునిగితే లెక్క మారిపోతుంది. వెంటనే మంచినీటితో కడిగి, వీలైతే ఆ రోజే, లేదా మర్నాడు విప్పించాలి. ఇసుకలో పడినప్పుడు హ్యాండిల్‌ను తిప్పకూడదు. ఒక్క చుట్టుకే రేణువు గేరు పళ్ల మధ్యకు చేరవచ్చు.

నూనె, గ్రీజు

వేగంగా, తేలిగ్గా తిరిగే చోట నూనె, బరువు మోస్తూ ఒరుసుకునే చోట గ్రీజు అన్నది సామాన్య సూత్రం. స్పూల్ బేరింగులకు, రోలర్‌కు నూనె. ప్రధాన గేరుకు, పినియన్‌కు గ్రీజు. ప్రధాన షాఫ్టుకు పలుచని గ్రీజు. వన్‌వే క్లచ్‌లో గ్రీజు ఉంటే చిన్న రోలర్లు పట్టు తప్పి హ్యాండిల్ వెనక్కి జారుతుంది కనుక అక్కడ అతి కొద్ది నూనె తప్ప మరేదీ వద్దు. కార్బన్ డ్రాగ్ బిళ్లలకు వాటి కోసమే తయారైన గ్రీజును కనీకనపడనంత పూస్తారు. ఫ్లై రీళ్లలో బెండు డ్రాగ్ ఉన్నవాటికి మాత్రం తయారీదారు చెప్పిన నూనె తప్ప ఏదీ తగలనివ్వకూడదు.

సముద్రపు రీలులో గ్రీజుకు జారుడుతో పాటు కాపలా పని కూడా ఉంది. కాల్షియం సల్ఫొనేట్ రకం గ్రీజులు నీటికి సులభంగా కొట్టుకుపోవు, తుప్పునూ అడ్డుకుంటాయి. గేరు మీద కంటే, తుప్పు పట్టే స్క్రూల మరల్లో, బేరింగు బయటి వలయం బాడీని తాకే చోట, బాడీ రెండు సగాలూ కలిసే అంచులో పూసే సన్నని పొరకే విలువ ఎక్కువ. అలాగని పెట్టె నిండా గ్రీజు దట్టించడం మంచిది కాదు. రీలు బరువెక్కి, విసరడం మందగిస్తుంది.

విప్పి శుభ్రపరచడం

తరచుగా సముద్రానికి వెళ్లే రీలును ఏడాదికి ఒకసారైనా పూర్తిగా విప్పాలి. విప్పే ముందు ఆ మోడల్ భాగాల పటాన్ని సంపాదించుకుని, తీసిన వరుసలోనే భాగాలను ట్రేలో పేర్చి, ప్రతి దశనూ ఫోటో తీసుకుంటే తిరిగి బిగించడం సులువు. అమరిక బిళ్లలుగా వాడే పలుచని షిమ్‌లు తిరగబడినా, ఒకటి తప్పినా గేర్లలో గరగర వస్తుంది. సరైన కొలత స్క్రూడ్రైవర్ లేకుండా బిగుసుకున్న స్క్రూ జోలికి పోకూడదు.

పాత గ్రీజును లోహపు భాగాల నుంచి కిరోసిన్‌తో, ప్లాస్టిక్, రబ్బరు భాగాల నుంచి సబ్బునీటితో తీస్తారు. పెట్రోలు కొన్ని ప్లాస్టిక్‌లను పాడుచేస్తుంది, మంట ప్రమాదమూ ఉంది. ఇత్తడి మీది పచ్చని కిలుము, గట్టిపడిన ఉప్పు వదలడానికి నీరు కలిపిన తెల్ల వెనిగర్‌లో కొద్దిసేపు ఉంచి, మంచినీటితో బాగా కడిగి ఆరబెట్టాలి. బేరింగును వేలిమీద తిప్పినప్పుడు గరగర తగ్గకపోతే శుభ్రం చేస్తూ కూర్చోవడం కంటే మార్చడమే మేలు. గ్యారంటీ ఉన్న రీలును, మ్యాగ్‌సీల్డ్ వంటి ప్రత్యేక నిర్మాణాలను కంపెనీ సర్వీసు కేంద్రానికే వదలాలి. లోతైన చోట్ల వాడే ఎలక్ట్రిక్ రీళ్లలో కరెంటు తీగ కలిసే టెర్మినళ్లను వేట తర్వాత విడదీసి, కడిగి, ఆరబెట్టి మూత పెట్టాలి.

దారం, నిల్వ

బ్రెయిడ్ అనే అల్లిక దారం పోగుల మధ్య ఉప్పునీటిని పట్టి ఉంచుతుంది. పైనుంచి ఎంత కడిగినా స్పూల్ అడుగున తడి మిగిలి, అల్యూమినియంలో గుంటలు పడతాయి. అప్పుడప్పుడు దారాన్ని పూర్తిగా విప్పి మంచినీటిలో తడిపి ఆరబెట్టి చుట్టడం, స్పూల్‌ను విడిగా తుడవడం దీనికి మందు. అడుగున కొంత నైలాన్ దారం చుట్టడం వల్ల బ్రెయిడ్ జారదు.

డ్రాగ్ బిగించి ఉంచితే బిళ్లలు నొక్కుకుని ఆకారం కోల్పోతాయి కాబట్టి, లీవర్ డ్రాగ్ రీలునైతే ఫ్రీ స్థానంలో ఉంచి దాచాలి. తడి రీలును నియోప్రీన్ సంచిలో పెడితే ఆ సంచే తుప్పును పెంచుతుంది. గాలి ఆడే పెట్టెలో, సిలికా జెల్ పొట్లంతో ఉంచడం నయం.

తెలుగు తీరం, అండమాన్

ఆంధ్ర తీరంలో బతుకుతెరువు వేట వలలతోనూ, చేతి గాలంతోనూ సాగుతుంది. రీలు ఎక్కువగా సరదాకు వేటాడేవారి సాధనం. విశాఖపట్నం రాళ్ల మీద, మొగల దగ్గర, పండుగప్ప తిరిగే ఉప్పుటేర్లలో దీన్ని వాడుతారు. భారతదేశంలో పెద్ద రీళ్లతో జెయింట్ ట్రెవల్లీని వేటాడే ప్రధాన ప్రాంతం అండమాన్ దీవులు. అక్కడ స్థిరపడిన మత్స్యకారుల్లో ఉత్తరాంధ్ర తెలుగువారు చాలామంది.

తూర్పుతీరంలో గాలి తేమ ఏడాదిలో ఎక్కువ కాలం అధికంగా ఉంటుంది కనుక, ఉప్పు రేణువుల తడి ఆరే అవకాశమే తక్కువ. వరదల కాలంలో గోదావరి, కృష్ణా మొగల దగ్గర నీటిలో ఉప్పు తగ్గినా రీలుకు అది రక్షణ కాదు. మిగిలిన క్లోరైడ్ చాలు. పైగా నీటిలోని ఒండ్రు సందుల్లో చేరి తడిని పట్టి ఉంచుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, యాంత్రిక పడవల వేటకు నిషేధం ఉంటుంది. పడవలకు, వలలకు మరమ్మతులు జరిగే ఆ రోజులు, పడవ మీద వాడే రీళ్లను పూర్తిగా విప్పడానికీ అనువైనవి.

లోపాల గుర్తింపు, ఆయుష్షు

రోలర్ కీచుమంటే అందులో నూనె ఎండింది, లేదా ఉప్పు చేరింది. హ్యాండిల్ తిప్పుతుంటే ఒకే లయలో గరగరమంటే బేరింగులో గుంట పడి ఉండవచ్చు. ప్రతి చుట్టుకూ ఒకేచోట తట్టుకుంటే గేరు పన్ను దెబ్బతిని ఉండవచ్చు. హ్యాండిల్ వెనక్కి జారుతుంటే క్లచ్‌లో గ్రీజు గాని, ఉప్పు గాని ఉంది. డ్రాగ్ కుదుపుగా జారితే బిళ్లలు కలుషితమయ్యాయి.

వీటిలో బేరింగు, క్లచ్, డ్రాగ్ బిళ్ల, సీలు మార్చుకోదగినవి. వాటి ఖరీదు రీలు ధరతో పోలిస్తే తక్కువే. స్క్రూ మరలు కరిగిన బాడీ, గుంటలు పడిన గేరు, డొల్లబారిన రీలు పాదం అలాంటివి కావు. అక్కడికి చేరిన రీలును బాగుచేయించడం చాలావరకు డబ్బు దండగ. అందుకే కొనేటప్పుడు బేరింగుల సంఖ్య కంటే రెండు ప్రశ్నలు ముఖ్యం: విప్పడం ఎంత సులువు, విడిభాగాలు ఎన్నేళ్ల దాకా దొరుకుతాయి. వాడేవారు స్వయంగా విప్పగలిగి, విడిభాగాలు దొరికే మామూలు రీలు, ఒక్కసారి కూడా విప్పని ఖరీదైన సీలు రీలు కంటే సముద్రం మీద ఎక్కువ కాలం నిలుస్తుంది.